సెంపర్‌వైవమ్

సెంపర్‌వైవమ్ క్రాసులేసీ కుటుంబానికి చెందిన ఒక ప్రజాతి. కండగల ఆకులు విచ్చిన గులాబీ రేకుల్లా గుండ్రంగా గుత్తిగా అమరి, నేలను అంటుకుని పెరుగుతాయి. 1753లో లిన్నేయస్ ఈ ప్రజాతికి శాస్త్రీయ నామం పెట్టాడు. ఇందులో 40 నుంచి 50 దాకా జాతులున్నాయి. జాతులు ఒకదానితో ఒకటి తేలికగా సంకరం చెందుతాయి కాబట్టి తోటల్లో పెంచే రకాలు వేలకు చేరాయి. సక్యులెంట్ (కండగల మొక్క) అనగానే ఎడారి గుర్తొస్తుంది గానీ దీని పుట్టిల్లు మంచు కురిసే కొండలు. పెంపకంలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ సంగతి తెలియకపోవడం వల్లనే జరుగుతాయి.

ఆల్ప్స్, పిరనీస్, కార్పేతియన్, బాల్కన్, కాకసస్ పర్వతాల్లో, టర్కీ, ఇరాన్ ఎత్తు ప్రాంతాల్లో ఇవి సహజంగా పెరుగుతాయి. మొరాకోలోని అట్లాస్ పర్వతాల్లోనూ ఒక జాతి ఉంది. రాతి పగుళ్లలో చేరిన పిడికెడు మట్టి వీటికి చాలు. అరాక్నాయిడియమ్ జాతి ఆకుల కొసల నుంచి తెల్లని నూలుపోగులు అల్లుకుని సాలెగూడు కప్పినట్టుంటుంది. దీని గుత్తి రెండు సెంటీమీటర్లు దాటడం తక్కువ. టెక్టోరమ్ జాతి గుత్తులు పది సెంటీమీటర్లకు మించి పెరుగుతాయి. యూరప్ పల్లెల్లో ఇంటి కప్పుల మీద తరతరాలుగా పెంచినది ఈ టెక్టోరమ్‌నే. ఇది ఉన్న ఇంటి మీద పిడుగు పడదని అక్కడివారి నమ్మకం. షార్లమేన్ చక్రవర్తి కాలంలో, సుమారు 800 ప్రాంతంలో వెలువడిన ఎస్టేట్ల నిర్వహణ శాసనం తోటమాలి తన ఇంటి కప్పు మీద ఈ మొక్క పెంచాలని చెబుతుంది. ఆకు రసాన్ని కాలిన గాయాలకు రాసే అలవాటు కూడా యూరప్‌లో ఉండేది.

ఈ కుటుంబపు మొక్కలు చాలావరకు పగటి ఎండలో ఆకురంధ్రాలు మూసుకుంటాయి. రాత్రి చల్లబడ్డాక తెరిచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని, ఆమ్లంగా మార్చి దాచుకుంటాయి. తెల్లవారాక ఆ నిల్వతో ఆహారం తయారుచేసుకుంటాయి. నీరు వృథా కాకుండా ఉండేది ఇందువల్లనే. ఈ రహస్యం బయటపడటంలో తెలుగువారి పెరటి మొక్క రణపాలకు భాగముంది. అదీ క్రాసులేసీ కుటుంబానిదే. కొంతకాలం సామర్లకోట వృక్షశాస్త్ర తోట బాధ్యత చూసిన బెంజమిన్ హైన్ రణపాల ఆకు నమిలి చూసి, పొద్దున పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని ఒక లేఖలో రాశాడు. లండన్ లిన్నియన్ సొసైటీ 1815లో ఆ లేఖను ప్రచురించింది. రాత్రి ఆమ్లం దాచుకునే ఈ పద్ధతిని ఇప్పుడు క్రాసులేసియన్ ఆమ్ల జీవక్రియ అంటారు.

తల్లి గుత్తి చుట్టూ సన్నని కాడల చివర పిలకలు పుడతాయి. కొన్నేళ్లకు తల్లి నడుమ భాగం పైకి సాగి, నక్షత్రాల్లాంటి పూలు పూస్తుంది. ఎక్కువ జాతుల పూలు గులాబీ రంగువి, కొన్నింటివి పసుపు. పూసిన గుత్తి విత్తనం రాలగానే చనిపోతుంది. పూకాడ కోసేసినా అది బతకడం అరుదు. దీన్ని తెగులుగా భావించి కంగారుపడనక్కర్లేదు, ఎండిన గుత్తిని లాగేసి ఆ ఖాళీలో మట్టి వేస్తే పిలకలే అక్కడికి పాకుతాయి.

పెంపకంలో మొదటి నియమం: మొక్కను ఆరుబయట ఉంచాలి. రోజుకు ఆరు గంటల ఎండ తగిలితే గుత్తి బిగువుగా ఉండి, చలికాలం చివర నుంచి వసంతం దాకా ఎరుపు, ఊదా రంగులు బాగా తేరుతాయి. గదిలో కిటికీ పక్కన పెడితే ఆకులు పాలిపోయి, గుత్తి సాగి, వదులవుతుంది. చలి గురించి భయం వద్దు. చాలా రకాలు సున్నాకు 25 డిగ్రీల కింది చలిని కూడా ఓర్చుకుంటాయి. చంపేది చలి కాదు, వేళ్ల దగ్గర నిలిచిన తడి. అందుకే మట్టిలో సగం దాకా గరుకు ఇసుక, చిన్న కంకర, ప్యూమిస్ లాంటివి కలపాలి. కుండీ లోతు తక్కువైనా ఫర్వాలేదు గానీ అడుగున రంధ్రం తప్పనిసరి. గుత్తి మెడ చుట్టూ కంకర పరిస్తే కింది ఆకులు కుళ్లవు. నీళ్లు పోసినప్పుడు కుండీ అంతా తడిసేలా పోసి, మట్టి పూర్తిగా ఆరాకే మళ్లీ పోయాలి. చలికాలంలో దాదాపు అక్కర్లేదు. విడవకుండా వానలు కురిసే చోట కుండీని చూరు కిందికి జరిపితే చాలు. ఎరువు ఎక్కువైతే ఆకులు మెత్తబడి త్వరగా కుళ్లుతాయి. పేలవమైన మట్టే దీనికి మేలు.

పిలకలను వసంతంలో, కాడ ఎండడం మొదలయ్యాక తుంచి నాటాలి. ఎచివేరియా అనే సక్యులెంట్ లాగా ఒక్క ఆకు నుంచి మొక్క రాదు. విత్తనం వేస్తే తల్లి పోలిక రాదు. దగ్గరి బంధువు జోవిబార్బాలో హ్యుఫెలి జాతికి కాడలుండవు, గడ్డను చాకుతో వేళ్లతో సహా చీల్చి, కోత ఆరాక నాటాలి.

తెగుళ్లు తక్కువే. పిండినల్లి, పూకాడ మీద పేనుబంక కనిపిస్తాయి. తుప్పు తెగులు సోకిన గుత్తి ఆకులు సన్నగా నిటారుగా సాగి, నారింజ మచ్చలు పడతాయి. ఆ మొక్కను పీకి పారేయడమే మందు.

కొనేటప్పుడు పేరు సరిచూసుకోవాలి. ఇంగ్లీషులో ‘హెన్స్ అండ్ చిక్స్’ అనే పేరు మెక్సికోకు చెందిన ఎచివేరియాకూ వాడతారు. కానరీ దీవుల ఏయోనియమ్ చూడటానికి ఇలాగే ఉంటుంది. ఆ రెండూ మంచును తట్టుకోలేవు. చికాగో, టొరంటో లాంటి చోట్ల ఉండే తెలుగువారు చలికాలంలో ఎచివేరియాను ఇంట్లోకి తెచ్చుకోవాలి, సెంపర్‌వైవమ్‌ను బయటే వదలాలి.

ఆంధ్ర, తెలంగాణ మైదానాల్లో ఇది నిలదొక్కుకోవడం కష్టం. వేసవి రాత్రులు చల్లబడవు, వానాకాలపు తేమ వేళ్లను కుళ్లబెడుతుంది. ఇక్కడి బాల్కనీకి గ్రాప్టోపెటలమ్, హవర్తియా లాంటి సక్యులెంట్లు నయం. గుత్తి అందం వీటికీ ఉంది.