దక్షిణ మధురలో పుట్టిన తార్కికుడు



నేను బాల్యమున మా గురువుగారి వీధి అరుగుమీద కూర్చుండి తర్కసంగ్రహము చదువుకొంటిని. అది మన ఆంధ్రుడగు అన్నంభట్టు రచించిన చిన్న గ్రంథము. కొండమీద పొగ కనబడుచున్నది గావున అచ్చట నిప్పు కలదు, వంటయింటిలో వలెనే అను పాఠము చెప్పునపుడు మా గురువుగారు ఒక మాట అనుచుండెడివారు: "నాయనా, మాటను తూచుము, ఆ మాట ఎవరిదో అడుగకుము." అప్పుడది నాకు తేలికగా తోచినది. తరువాత ముప్పదియైదేండ్లు బడిపంతులుగా నుండి, దాని బరువును ఆలస్యముగా తెలిసికొంటిని. తెలిసికొనుటకు కారణమైనవి ఒక ఆంగ్లేయ గణితవేత్త గ్రంథములు. ఆయన పేరు అగస్టస్ డీ మోర్గన్. నేడు ఆ గ్రంథములను గూర్చి మీతో నాలుగు మాటలు చెప్పదలచితిని.

డీ మోర్గన్ 1806వ సంవత్సరము జూన్ 27వ తేదీన దక్షిణ మధురలో జన్మించెను. ఆనాడు ఆ మధురయు, మన కోస్తా జిల్లాలును ఒకే చెన్నపురి రాజధానిలోనివి. తండ్రి ఈస్టిండియా కంపెనీవారి సైన్యమున ఉద్యోగి. బిడ్డకు ఏడు నెలలు నిండగానే తలిదండ్రులు ఇంగ్లండునకు తీసికొనిపోయిరి. శైశవముననే కుడికన్ను చూపు పోయినది. మిగిలిన ఒక్క కంటితో ఆయన చదివినంత చదువు రెండు కన్నులు గలవారిలో చాలమంది చదువరు.

కేంబ్రిడ్జిలో చదివి 1827లో గణిత పరీక్షయందు నాలుగవవాడుగా నిలిచెను. కాని అచ్చట పై పట్టమును, ఆచార్య పదవిని పొందవలెనన్నచో ఒక మతప్రతిజ్ఞ క్రింద చేవ్రాలు చేయవలసి యుండెను. తాను మనసార నమ్మని మాటకు చేవ్రాలు చేయజాలక ఆయన ఆ దారి విడిచెను. 1828లో, ఇరువదిరెండేండ్లు నిండకముందే, లండనునందు మతపరీక్ష లేకుండ క్రొత్తగా వెలసిన విద్యాలయమున గణితాచార్యుడయ్యెను. అచ్చటను ఉద్యోగమును రెండుమారులు వదలుకొనెను. 1831లో తోటి ఆచార్యుని ఒకనిని తగిన కారణము చూపక తొలగించిరని ఒకసారి. 1866లో ఒక పండితుని మతమును చూచి తర్కాచార్య పదవి నిరాకరించిరని మరియొకసారి. రెండు సందర్భములందును నష్టపోయినది తాను గాదు, ఇతరుడు. ఈ సంగతి గుర్తుంచుకొనుడు. ఆయన గ్రంథములలోని న్యాయదృష్టికి మూలమిదియే.

ఇక గ్రంథములు. ఆయన మొదట వ్రాసినవి బడిపిల్లలకు పనికివచ్చునవి. 1830లో అంకగణితము, 1835లో బీజగణితము, 1838లో సంభావ్యతను గూర్చిన వ్యాసము, 1842లో చలనకలన సమాకలనములపై పెద్ద గ్రంథము వెలువడినవి. ఈ పుస్తకములందు సూత్రమును కంఠస్థము చేయుమను ధోరణి లేదు. ఈ సూత్రము ఏల నిజమో ముందు చెప్పి, పిదప లెక్క చేయించును. వారమునకొక పెన్నీ వెలకు సంచికలుగా అమ్మి, సామాన్యులకు విద్య నందించిన ఒక విజ్ఞానసర్వస్వము 1833 మొదలు పదేండ్లపాటు వెలువడినది. దానికి ఆయన వందలకొలది వ్యాసములు వ్రాసెను. గొప్ప పండితుడు కూలివాని జేబులోని చిన్న నాణెమును చిన్నచూపు చూడలేదు.

1847లో ఆయన ప్రధాన తర్కగ్రంథము వెలువడినది. ఐరోపా ఖండమున రెండువేల యేండ్లకు పైగా అరిస్టాటిలు చూపిన దారియే తర్కమునకు రాచబాటగా నుండెను. డీ మోర్గన్ ఆ బాటను గౌరవించుచునే, దానిలో పట్టని సంగతులెన్నో కలవని చూపెను. వానిలో మూడింటిని మన ఊరి మాటలతో చెప్పెదను.

మొదటిది. పంచాయతీలో ఒకడు "రామయ్యయు సోమయ్యయు, ఇద్దరును గట్టు త్రవ్విరి" అనెను. పెద్దలు విచారించి ఆ మాట అబద్ధమని తేల్చిరి. వెంటనే రామయ్య తరపువారు "చూచితిరా, ఇద్దరును త్రవ్వలేదు" అని కేకలు వేయుదురు. అది తప్పు. "ఇద్దరును త్రవ్విరి" అనుట అబద్ధమైనచో, ఇద్దరిలో ఒకడైనను త్రవ్వలేదని మాత్రమే తేలును. "ఇద్దరిలో ఒకడైనను త్రవ్వెను" అనుట అబద్ధమైననే ఇద్దరును త్రవ్వలేదని తేలును. ఈ రెండు సూత్రములకు నేడు డీ మోర్గన్ నియమములని పేరు. మధ్యయుగపు తార్కికులకు ఈ సంగతి తెలియకపోలేదు. కాని దానిని గణితపు గుర్తులలో పెట్టి తర్కమునకు పునాదిరాయిగా నిలిపినవాడు ఈయన. నేటి కంప్యూటరు యంత్రముల లోపలి నిర్మాణమునందు ఈ నియమములు నిత్యము పనిచేయుచున్నవి. మన పంచాయతీలలో మాత్రము వీనిని మరచి ఎన్ని కుటుంబములు విడిపోయినవో మీకు తెలియును.

రెండవది. ఒక ఊరిలో నూరిండ్లు కలవు. అరువది ఇండ్లలో ఆవులు కలవు. ఏబదియైదు ఇండ్లలో నూతులు కలవు. ఆవును నూయియు రెండును గల ఇండ్లు ఎన్ని? సరిగా చెప్పజాలము. కాని పదునైదింటికి తక్కువ కావని నిశ్చయముగా చెప్పవచ్చును. అరువదియు ఏబదియైదును కలిపి నూరు తీసివేయుడు. "అన్నియు", "కొన్ని" అను రెండు మాటలతోనే నడచిన పాత తర్కములోనికి ఇట్లు ఆయన సంఖ్యను ప్రవేశపెట్టెను.

మూడవది. ఆవు పశువు, కావున ఆవు తోక పశువు తోక. ఇది పసివానికిని తెలియును. కాని అరిస్టాటిలు చూపిన అనుమానరూపములలో దేనియందును ఈ వాక్యము ఇముడదని డీ మోర్గన్ వాదించెను. ఇచ్చట "దాని తోక" అను సంబంధమే ప్రధానము. తండ్రి, కొడుకు, యజమాని, పాలేరు, పెద్ద, చిన్న అను సంబంధములకు ప్రత్యేక తర్కము కావలెనని 1860లో ఒక వ్యాసమును చదివి, ఆ శాస్త్రమునకు ఆయన దారి వేసెను. సంబంధమును గూర్చి మన న్యాయశాస్త్రజ్ఞులు చేసిన సూక్ష్మచర్చ చదివిన నాకు ఈ భాగము మిక్కిలి దగ్గరగా తోచినది. గణితమును కట్టిన సంస్కృత, గ్రీకు జాతులే స్వతంత్రముగా తర్కమును కూడ కట్టినవని ఆయన తన రచనలలో వ్రాసియున్నాడు. మన శాస్త్రములను గూర్చి ఆయన విన్నది కొంతయే. ఆ కొంతకు తగిన గౌరవము చూపెను.

ఈ గ్రంథము వెలువడుచున్న దినములలో ఎడింబరోలోని సర్ విలియం హామిల్టను అను తర్కాచార్యుడు, డీ మోర్గన్ తన యూహలను దొంగిలించెనని నిందవేసెను. ఆ వాగ్వాదమును దూరమునుండి వినిన ఒక యువకునకు తర్కముపై మరల ఆసక్తి రేగినది. అతడు జార్జి బూల్, చెప్పులు కుట్టువాని కుమారుడు. విశ్వవిద్యాలయపు గడప తొక్కి చదివినవాడు కాడు. అతడును అదే 1847లో తర్కమును బీజగణితముగా మార్చి చూపుచు చిన్న పుస్తకము ప్రకటించెను. ఇంకొకరైనచో తన క్షేత్రములోనికి పోటీదారు వచ్చెనని కినుక వహించియుందురు. డీ మోర్గన్ అతనిని మెచ్చుకొనెను. జీవితాంతము అతనితో స్నేహముగా ఉత్తరప్రత్యుత్తరములు జరిపెను. 1849లో అతడు ఐర్లండులోని కార్కు నగరమున ఆచార్యుడయ్యెను.

ఇప్పుడు మన దేశమునకు వత్తము. పానిపట్టులో 1821లో జన్మించిన రామచంద్రుడు అను విద్వాంసుడు ఢిల్లీ కళాశాలలో ఉపాధ్యాయుడుగా నుండెను. పాశ్చాత్య శాస్త్రములను ఉర్దూలో బోధించువాడు. 1850లో ఆయన తన సొంత సొమ్ముతో కలకత్తాలో ఒక ఆంగ్లగ్రంథమును అచ్చు వేయించెను. ఏ రాశి ఎంతవరకు పెరుగగలదు, ఎంతవరకు తగ్గగలదు అను గరిష్ఠ కనిష్ఠముల ప్రశ్నలకు చలనకలనము అక్కరలేకుండ, మన భాస్కరాచార్యుని వంటివారికి ప్రియమైన బీజగణితముతోనే సమాధానములు సాధించుట ఆ గ్రంథపు ఉద్దేశము.

ఉదాహరణము చూడుడు. నలువది గజముల త్రాడు కలదు. దానితో నాలుగు మూలల దొడ్డి చుట్టవలెను. ఏ కొలతలతో చుట్టినచో లోపలి చోటు అధికము? పొడవును వెడల్పును కలిసి ఇరువది గజములు. రామచంద్రుని రీతి ఇది: చోటు ఇంత అని ముందే అనుకొని, పొడవు కొరకు వర్గసమీకరణము కట్టుము. సాధించినపుడు నూటినుండి ఆ చోటును తీసివేసి వర్గమూలము కట్టవలసి వచ్చును. చోటు నూరు గజములను మించెనా, ఋణసంఖ్యకు వర్గమూలము కట్టవలసి వచ్చును, అది అసంభవము. కావున చోటు నూటిని మించదు. నూరైనపుడు పొడవు పది, వెడల్పు పది. త్రాడు చతురస్రముగానే చుట్టవలెను. ఎంత సూటియైన మార్గము!

కలకత్తా పత్రికలలో వచ్చిన విమర్శలు ఆ గ్రంథమునకు అనుకూలముగా లేవు. చలనకలనము ఉండగా ఈ చుట్టుదారి ఎందుకని కొందరి అభిప్రాయము. అప్పుడు బెథూన్ అను ప్రభుత్వాధికారి ఒక ప్రతిని లండనునకు, డీ మోర్గనునకు పంపెను. ఎక్కడి ఢిల్లీ, ఎక్కడి లండను! పేరు తెలియని ఉపాధ్యాయుని పుస్తకము. కాని ఆయన దానిని కడవరకు చదివెను, గుణమును గుర్తించెను. ఈ రచయితను గౌరవింపవలెనని కంపెనీ డైరెక్టర్లకు వ్రాసెను. ఫలితముగా రామచంద్రునకు గౌరవవస్త్రములును, రెండువేల రూపాయలును లభించినవి. 1859లో ఆ గ్రంథము డీ మోర్గన్ పర్యవేక్షణమున, ఆయన పీఠికతో, లండనులో పునర్ముద్రితమయ్యెను. అంతలో 1857 నాటి కల్లోలము గడచినది. హిందువులను గూర్చి మంచిమాట పలుకుట లండనులో ఆనాడు సులువుగాదు. ఆ సంవత్సరములందే ఈ పీఠిక వెలువడినది.

నిజము చెప్పవలెనన్నచో ఆ పీఠికలో దొరతనపు ధోరణి బొత్తిగా లేకపోలేదు. మన మేధస్సు ఒకప్పుడు వెలిగి తరువాత మందగించెనని ఆయన తలచెను. అయినను పైనుండి తెచ్చి పోసిన విద్యకంటె, ఒక జాతి తనలోని పాతవేరునుండి చిగిర్చిన విద్య మేలని వాదించెను. ఆ గ్రంథము మన బడులలో ప్రవేశించి అట్టి చిగురు తొడుగునని ఆశించెను. ఆ ఆశ ఫలింపలేదు. రామచంద్రుడు 1880లో కాలముచేసెను. నేడు ఆయన పేరు తెలిసిన గణితోపాధ్యాయులు అరుదు.

ఈ పీఠిక సంగతి చదివిననాడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. కారణము చెప్పెదను. నేను ఉద్యోగములో చేరిన తొలిదినములలో ఇదే త్రాటి ప్రశ్నను పరీక్షలో ఇచ్చితిని. ఒక రైతుబిడ్డ పుస్తకములోని రీతి వదలి ఇట్లు వ్రాసెను: పదికి పది నూరు, తొమ్మిదికి పదునొకండు తొంబదితొమ్మిది, ఎనిమిదికి పండ్రెండు తొంబదియారు, ఏడుకు పదుమూడు తొంబదియొకటి. నూటికి తగ్గినది ఒకటి, నాలుగు, తొమ్మిది. పదినుండి ఎంత జరిగిన అంతకు వర్గము తగ్గుచున్నది. కావున జరుగకుండుటయే మేలు. నేను "రీతి తప్పు" అని ఎఱ్ఱసిరాతో అడ్డముగా కొట్టివేసితిని. వాడు మరుసటి యేడు బడి మానివేసెను. అందుకు నేనే కారణమని చెప్పజాలను. కాదని చెప్పుటకును ధైర్యము చాలదు.

చాలకాలమునకు సంతలో వాడు నాకు కనబడెను. జుట్టు నెరసినది. ఊరిలోని పొలములకు కొలతలు వేయునది తానేయట. "ఒరే అబ్బాయీ, ఆనాటి నీ లెక్క సరియైనదేరా, తప్పు నాది" అంటిని. వాడు నవ్వి, "నాకు అప్పుడే తెలుసు మాస్టారూ. తమరికి ఎప్పుడు తెలుస్తుందా అనుకొన్నాను" అనెను. ఆ మాటలో కోపము లేదు. ఉన్నచో కొంత తేలికగా నుండెడిది.

డీ మోర్గన్ 1871 మార్చి 18వ తేదీన కాలముచేసెను. మరుసటి యేడు ఆయన భార్య సోఫియా ఒక గ్రంథమును ప్రకటించెను. వృత్తమునకు సమానమైన చతురస్రమును గీసితిమని చెప్పుకొనువారు, పరిధి వ్యాసమునకు సరిగా మూడుమీద ఎనిమిదవ వంతు రెట్లని పట్టుపట్టినవారు మొదలగు వింత వాదులను గూర్చి ఆయన పత్రికలలో వ్రాసిన వ్యాసముల సంపుటమది. ఆయన వారిని హాస్యమాడెను. కాని ముందు చదివి, తప్పు ఎచ్చటనో చూపి, పిదప నవ్వెను. చదువకుండ నవ్వలేదు.

పెద్దలారా! మీ యెదుట పంచాయతీలు నడచును. మనుమలు పలకలు పట్టుకొని వత్తురు. పాలేరు ఒక సలహా చెప్పును. ఆ మాట మన రీతికి సరిపడలేదని త్రోసివేయుటకు ముందు ఒక్కసారి కడవరకు వినుడు. నేను వినని ఒక్క లెక్కకు నేటికిని వడ్డీ కట్టుచున్నాను.