ఏడు సెకన్ల మెహనత్, దక్కని మజ్దూరీ

ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతపు తారీఖ్‌లో నా దిల్‌కు తగిలిన పేరు గ్రెగరీ కోల్‌మన్. 1969లో అమెరికా బృందం ‘ది విన్‌స్టన్స్’ రికార్డు చేసిన ‘ఆమెన్, బ్రదర్’లో సుమారు ఏడు సెకన్లు, నాలుగు ఆవర్తాలు, ఒక్కడే డ్రమ్స్ వాయించాడు. మొదటి రెండింటిలో స్నేర్ డ్రమ్ మీద అసలు దెబ్బలు 2, 4 మాత్రల దగ్గర సీదాగా పడతాయి. మూడోదాంట్లో రెండో దెబ్బను అర మాత్ర ఆలస్యం చేశాడు. నాలుగోదాంట్లో మొదటి మాత్రనే ఖాళీగా వదిలాడు.

1990ల మొదట్లో లండన్ డీజేలు ఆ ముక్కను శాంప్లర్‌లో తుంచి, వేగం పెంచి ‘జంగిల్’ సంగీతం అల్లారు. ఇవాళ ఆ మెషీన్ వేగాన్ని డ్రమ్మర్లు మళ్లీ చేతులతో రియాజ్ చేస్తున్నారు.

కోల్‌మన్‌కు పైసా రాయల్టీ రాలేదు. 2006లో అట్లాంటాలో, తల దాచుకునే ఇల్లు లేకుండానే ఇంతెఖాల్ అయ్యాడు. 2015లో అభిమానులు చందాలేసి బృంద నాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు 24,000 పౌండ్లు ఇచ్చారు. అది షుక్రియా. వాయించిన చేతుల హక్ మాత్రం, నా లెక్కలో, ఇంకా బాకీయే.