పదమూడో పిన్ను, ఒక చిన్న దీపం

మైక్రోకంట్రోలర్ల చరిత్రను సాధారణంగా చిప్పుల చరిత్రగానే రాస్తారు: ఎన్ని బిట్లు, ఎంత మెమరీ, ఎంత వేగం. అయితే ఆ చిప్పును బోర్డు మీదికి ఎక్కించాక మనిషి చేతికీ కంటికీ అందేవి ప్రధానంగా మూడు: నొక్కడానికి బటన్, చూడడానికి ఎల్‌ఈడీ, తీగ తగిలించడానికి కనెక్టర్. చిప్పులు మారిపోతున్నా ఈ మూడూ ఎందుకు నిలిచి ఉంటాయో ఆర్డుయీనో బోర్డు చరిత్ర చెబుతుంది.

1975 నాటి ఆల్టెయిర్ 8800 కంప్యూటర్‌కు తెర లేదు, కీబోర్డు లేదు. ముందు పలక మీది స్విచ్చులతో ప్రోగ్రామును ఎక్కించి, ఫలితాన్ని ఎర్రని ఎల్‌ఈడీల వరుసలో చదువుకోవాలి. దాని లోపలి 100 కాంటాక్టుల కనెక్టర్‌ను ఇతర తయారీదారులూ అనుసరించడంతో, 1983లో అది ఐ.ఇ.ఇ.ఇ. 696 ప్రమాణంగా స్థిరపడింది. 1976లో వచ్చిన కిమ్-1 బోర్డులో 23 మీటలు, ఆరంకెల ఎల్‌ఈడీ ప్రదర్శిక ఉండేవి. మన ఇంజనీరింగ్ కళాశాలల్లో 8085 కిట్ల మీద హెక్సాడెసిమల్ అంకెలు నొక్కినవారికి ఈ రూపం సుపరిచితమే. చిరునామాలూ యంత్రభాషా తెలియనిదే అక్కడ ఒక్క దీపమూ వెలిగేది కాదు.

ఈ అడ్డును తొలగించే ప్రయత్నం ఒకటి ఇటలీలో, ఒలివెట్టి టైపురైటర్ల పట్టణమైన ఇవ్రియాలో జరిగింది. అక్కడి ఇంటరాక్షన్ డిజైన్ సంస్థలో చదువుకున్న కొలంబియా విద్యార్థి ఎర్నాండో బర్రగాన్, ఎలక్ట్రానిక్స్ చదవని కళాకారులూ వాడగలిగే ‘వైరింగ్’ అనే వేదికను 2003లో తన సిద్ధాంత వ్యాసం కోసం రూపొందించాడు. మాసిమో బాంజీ, కేసీ రియాస్ ఆయన పర్యవేక్షకులు. 2005లో బాంజీ, ఆయన సహచరులు ఆ పునాది మీదనే, మరింత చవకైన ఏటీమెగా8 చిప్పుతో ఆర్డుయీనోను తయారుచేశారు. ఈ కథ చెప్పేటప్పుడు బర్రగాన్ పేరు తరచు మరుగున పడుతుంది. ఆ లోటును 2016లో ఆయనే ఒక వ్యాసంలో వివరంగా ఎత్తిచూపాడు.

ముందుగా బటన్ సంగతి. రీసెట్ అయిన వెంటనే చిప్పులోని బూట్‌లోడర్ కొత్త ప్రోగ్రాము కోసం కాసేపు ఎదురుచూస్తుంది. తొలి బోర్డులలో సరిగ్గా ఆ సమయానికి రీసెట్ బటన్‌ను చేత్తో నొక్కవలసి వచ్చేది. 2007 నాటి డియెచిమిలా బోర్డులో ఒక కెపాసిటర్ ద్వారా కంప్యూటరే రీసెట్ చేయసాగింది. ఇటాలియన్‌లో ఆ పేరుకు పదివేలు అని అర్థం. అప్పటికి తయారైన బోర్డుల సంఖ్యకు గుర్తుగా పెట్టినది.

ఎల్‌ఈడీ కథ మరింత చిక్కుది. 13వ పిన్ను ప్రక్కనే గ్రౌండ్ ఉంది. ఎల్‌ఈడీ రెండు కాళ్లనూ ఆ రెంటిలోనూ గుచ్చితే మొదటి ప్రోగ్రాముకు తగిన దీపం సిద్ధమవుతుంది. తరువాత ఆ దీపాన్ని బోర్డు మీదనే అతికించారు. కానీ అదే పిన్ను ఎస్‌పీఐ సంకేతాలకు క్లాకు కూడా. పైగా లోపలి పుల్-అప్ రెసిస్టర్‌ను నమ్ముకుని అక్కడ బటన్ కలిపితే, ఎల్‌ఈడీ దారిన కరెంటు పోయి వోల్టేజీ చాలినంత పైకి రాదు. ఊనో మూడవ కూర్పులో మధ్యన ఒక ఆప్-ఆంప్ చేర్చి ఈ భారాన్ని తప్పించారు. దీపం మాత్రం 13లోనే ఉండిపోయింది. అప్పటికే పాఠాలన్నీ ఆ అంకెతోనే మొదలవుతున్నాయి.

కనెక్టర్‌లోనైతే నిలిచిపోయినది ఒక పొరపాటే. పిన్నుల మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, 7, 8 పిన్నుల నడుమ మాత్రం 4.06. డిజైన్‌లో దొర్లిన ఈ తేడా వల్ల మామూలు చిల్లుల బోర్డు దాని మీద సరిగా కూర్చోదు. దిద్దడం సులభమే. కానీ దిద్దితే, పాత కొలతలను నమ్మి ఇతరులు తయారుచేసిన షీల్డులన్నీ పనికిరాకుండా పోతాయి.

2023లో వచ్చిన ఊనో ఆర్4లో 8 బిట్ల చిప్పు స్థానాన్ని రెనెసాస్ వారి 32 బిట్ల చిప్పు ఆక్రమించింది. అయినా ఆ వంకర ఎడమూ, 13వ పిన్ను దీపమూ యథాతథంగా ఉన్నాయి. వేరే సంస్థ తయారీ అయిన ఎస్‌టీ న్యూక్లియో బోర్డులు సైతం అదే కనెక్టర్ అమరికను స్వీకరించాయి. చిప్పు తయారీదారు సొత్తు. దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. కనెక్టర్ అలా కాదు. ఒకసారి పదిమందీ దాని మీద తమ పని నిలుపుకున్నాక, దాన్ని గీసినవారికి కూడా సవరించే స్వేచ్ఛ మిగలదు.