లిసియా తీరమున మాతృనామ వివాదము

హెరొడోటసు తన చరిత్ర ప్రథమభాగమున 173వ ప్రకరణమునందు లిసియనులను గూర్చి ముఖ్యముగా రెండు మాటలు చెప్పియున్నాడు. వారి పూర్వనామము తెర్మిలులనియు, పొరుగువారు తన కాలమునందును వారిని ఆ పేరుతోనే పిలుచుచున్నారనియు మొదటి మాట. లోకమున మరెవ్వరికిని లేని ఆచారమొకటి వారికి గలదనియు, వారు తండ్రి పేరుతో గాక తల్లి పేరుతో తమ్ము చెప్పుకొందురనియు, నీవెవ్వడవని అడిగినచో తల్లి పేరును, ఆమె తల్లుల పేర్లను వరుసగా ఏకరువు పెట్టుదురనియు రెండవ మాట.

ఈ రెండింటిలో రెండవదానికి కలిగిన ప్రసిద్ధి మొదటిదానికి కలుగలేదు. 1861లో స్విట్జర్లాండు పండితుడు బాకోఫెను మాతృహక్కును గూర్చిన తన మహాగ్రంథమును లిసియనులతోనే ప్రారంభించెను. మానవసమాజమంతయు ఒకనాడు మాతృస్వామికమై యుండెనను వాదమునకు ఈ చిన్న దేశము మూలస్తంభమైనది. క్రీ.పూ. మొదటి శతాబ్దివాడైన డమస్కసు నికొలాసు, లిసియనులు తల్లి పేరు ధరింతురనియు, ఆస్తిని కుమార్తెలకు విడిచిపోవుదురనియు వ్రాసియున్నాడు గదా యని కొందరు దానిని రెండవ సాక్ష్యముగా చూపిరి. అది వేరు సాక్ష్యమో, హెరొడోటసు మాటకు నాలుగు శతాబ్దుల తరువాతి ప్రతిధ్వనియో విచారించినవారు తక్కువ. ఇతరుల మాట యెందుకు? మేమును చాల సంవత్సరములు తరగతిలో శాతవాహనుల మాతృనామములను బోధించునపుడు లిసియనులనే దృష్టాంతముగా చూపుచు వచ్చితిమి. ఆ దృష్టాంతము ఎంతవరకు నిలుచునో అక్కడి రాళ్లనే అడుగవలెనను కోరిక ఇటీవల మా ప్రయాణమునకు కారణమైనది.

లిసియా యనునది నేటి తుర్కీదేశమున నైరృతి దిక్కున మధ్యధరా సముద్రములోనికి చొచ్చుకొని వచ్చిన పర్వతభూమి. పడమట ఫెతియె పట్టణము, తూర్పున అంతాల్యా. కొండలు అనేకస్థలములందు సముద్రమునకు చోటీయక నేరుగా నీటిలోనికే దిగుచున్నవి. దారి కొండఅంచున వంకరలు తిరుగుచు పోవును. ఒకవైపు దేవదారుజాతి వృక్షములు, మరియొకవైపు లోతున నీలిసముద్రము. అచ్చట దోల్ముష్ అని పిలువబడు చిన్న బస్సులు ప్రతి గ్రామమునను ఆగుచు పోవును గనుక త్వరగలవారికి అవి పనికిరావు. శాసనములు వెదకువారికి మాత్రము అంతకంటె మంచి వాహనము లేదు.

ఫెతియె ప్రాచీన టెల్మెస్ససు. ఊరి వెనుక నిలువు కొండ ముఖమున క్రీ.పూ. నాల్గవ శతాబ్దినాటి సమాధులు తొలువబడియున్నవి. వానిలో పెద్దది గ్రీకు దేవాలయ ముఖమువలె స్తంభములతో నున్నది. ప్రక్కనున్న చిన్నవి కొయ్యయిండ్లకు ప్రతిబింబములు: దూలముల కొనలు, వాసములు, తలుపుచట్రములు, అన్నియు రాతిలో యథాతథముగా చెక్కబడినవి. కొయ్యపనిని రాతిలో నిలుపుట మనకు కొత్తగాదు. గుంటుపల్లి గుహాచైత్యపు కప్పును చూచినవారికి ఇచ్చట ఆశ్చర్యము కంటె ఆత్మీయత యెక్కువగా తోచును. మెట్లెక్కి ఆ పెద్ద సమాధి చెంతకు పోయినచో గోడపై చిన్న గ్రీకు అక్షరములు కానవచ్చును. అమింటాసు అను పేరు, దానివెంట అతని తండ్రి పేరు. తల్లి పేరు లేదు! ఒక్క సమాధిని బట్టి, అందును గ్రీకుభాషలోని దానిని బట్టి, ఏమియు నిర్ణయింపరాదని మాకు మేమే చెప్పుకొని ముందునకు సాగితిమి.

జాంథసు నగరము నదీలోయను చూచుచున్న గుట్టపై నున్నది. క్రిందనంతయు తక్కాళి పండించు గాజు, ప్లాస్టికు పందిళ్లు. క్రీ.పూ. 540 ప్రాంతమున పారశీక సేనాని హర్పగుడు దీనిని ముట్టడించినపుడు పౌరులు తమ భార్యాబిడ్డలను, దాసులను, ధనమును కోటలో చేర్చి నిప్పుపెట్టి, తాము యుద్ధమున మడిసిరని హెరొడోటసే చెప్పుచున్నాడు. ఆ సమయమున ఊరిలో లేని ఎనుబది కుటుంబములు మాత్రము మిగిలెనట. క్రీ.పూ. 42లో బ్రూటసు ముట్టడిలో ఇట్టి ఘోరమే మరల జరిగెను. 1838లో ఆంగ్లయాత్రికుడు చార్లెసు ఫెలోసు ఈ శిథిలములను పాశ్చాత్యలోకమునకు ఎరుకపరచెను. కొన్నియేండ్లకే శిల్పములను ఓడలకెక్కించి లండను బ్రిటిషు మ్యూజియమునకు చేర్చెను. నేడు హార్పీ సమాధిస్తంభము పైనున్న ఫలకములు అచ్చుపోసిన ప్రతిరూపములు మాత్రమే. అసలును చూడవలెనన్నచో లిసియాకు గాక లండనుకు పోవలెను. అమరావతి శిల్పఫలకములు ఎచ్చట నున్నవో ఎరిగిన మాకు ఇచ్చట నిలువ మనసొప్పలేదు.

ఫెలోసు కొనిపోలేకపోయినది ఒకటి యున్నది. మాకు కావలసినదియు అదియే. నాలుగు ముఖముల నిండ అక్షరములు చెక్కిన ఏకశిలాస్తంభము. క్రీ.పూ. ఐదవ శతాబ్ది చివరిదిగా పండితులు దీనిని నిర్ణయించుచున్నారు. పంక్తులు 250కి పైన. అధికభాగము లిసియను భాష; నడుమ పండ్రెండు పంక్తుల గ్రీకుపద్యము; మిగిలినది లిసియనునకు సోదరభాషయైన మిలియను. లిసియను లిపి గ్రీకులిపికి దగ్గరిదే కనుక చదువుట కష్టము కాదు, అర్థముచేసికొనుటయే కష్టమైనది. 1945లో హోల్గరు పెడర్సెను దీనికి హిట్టైటు భాషతో గల చుట్టరికమును స్థాపించెను. అనగా ఇది ఇండో-యూరోపియను కుటుంబపు భాషయే. గుఱ్ఱమునకు 'ఎస్బె' అనుమాట సంస్కృత 'అశ్వ'కును, కుమార్తెకు 'క్బత్ర' అనుమాట సంస్కృత 'దుహితృ'కును జ్ఞాతులని తెలిసినపుడు ఆ రాతిముందు నిలిచిన తెలుగు ఉపాధ్యాయునకు కలుగు సంతోషమును పాఠకులు ఊహింపగలరు.

ఈ శాసనములలో లిసియనులు తమ్ము తాము 'త్రమ్మిలి' అని పేర్కొనుచున్నారు.  హెరొడోటసు చెప్పిన తెర్మిలు లను మాట అక్షరాల నిజమైనది! హలికర్నాసనగరము, నేటి బోద్రుము, లిసియాకు దూరము కాదు. అచ్చటివాడైన హెరొడోటసు పొరుగుదేశపు వార్తను సరిగానే వినెను. ఆయనను కట్టుకథలవాడని తేలికగా త్రోసిపుచ్చువారు ఈ స్తంభమును చూడవలసియున్నది.

ఇక రెండవ మాట. స్తంభముపైని గ్రీకుపద్యమున నాయకుడు 'హర్పగుని కుమారుడు' అని చెప్పబడినాడు. (ఇతడు ముట్టడి సేనాని కాడు, ఆ ముట్టడికి శతాబ్దికి పైబడిన తరువాతివాడు.) అది గ్రీకుసంప్రదాయమనుకొందము. కాని లిసియను భాషలోనే నూటయేబదికి మించిన శిలాశాసనములు దొరకినవి. వానిలో మిక్కిలి భాగము సమాధిశాసనములు. వాని వరుస దాదాపు ఒక్కటే: ఈ సమాధిని ఫలానివాడు, ఫలానివాని కుమారుడు, తన భార్యకును బిడ్డలకును కట్టించెను. 'కుమారుడు' అనుటకు 'తిదెయిమి' అను మాట. దానికి ముందు షష్ఠీవిభక్తిలో నున్నది తండ్రి పేరు. తల్లి పేరు గలవి వెదకినను దొరకుట అరుదు. 1965లో సైమను పెంబ్రోకు ఈ శాసనములనన్నిటిని ఈ దృష్టితో పరిశీలించి బాకోఫెను మేడకు పునాది లేదని చూపెను. తరువాతి గ్రీకు శాసనములలో తల్లి పేరుతో చెప్పబడినవారు లేకపోలేదు గాని, వారిలో కొందరి విషయమున తండ్రి తెలియనివాడని శాసనమే చెప్పుచున్నది. అది నియమము కాదు, అపవాదము.

పెంబ్రోకు వ్రాసిన ఎనిమిదేండ్లకు, 1973లో, మరియొక గొప్పసాక్షి బయటపడెను. జాంథసునకు సుమారు నాలుగు కిలోమీటర్ల దూరమున లెటోను అను పుణ్యక్షేత్రము గలదు. అపొల్లో, ఆర్టెమిసుల తల్లియైన లెటోదేవి స్థానమిది. 1962 నుండి ఫ్రెంచివారు త్రవ్విన ఈ స్థలమున మూడు దేవాలయముల పునాదులు ప్రక్కప్రక్కన నున్నవి. ఆ త్రవ్వకములలో దొరకిన త్రిభాషాశాసనమును మేము ఫెతియె మ్యూజియములో చూచితిమి. ఒక ముఖమున లిసియను 41 పంక్తులు, ఎదుటిముఖమున గ్రీకు 35 పంక్తులు, ఇరుకైన ప్రక్కముఖమున పారశీక సామ్రాజ్యపు అధికారభాషయైన అరమాయికు 27 పంక్తులు. కాలము క్రీ.పూ. 358 అని కొందరు, 337 అని కొందరు.

విషయము మన దానశాసనముల నెరిగినవారికి సుపరిచితమువలె తోచును. క్షత్రపుడైన పిక్సోడారుసు కాలమున జాంథసు పౌరులును పరిసరవాసులును కలిసి కౌనీయరాజను దేవునకును, అర్కెసిమసునకును వేదిక నేర్పరచిరి. సిమియసు అనువానిని పూజారిగా నియమించిరి. ఆ పదవి అతని సమీపబంధువులకు సంక్రమించును. దేవునకు భూమి నిచ్చిరి. పూజారికి పన్నులు లేవు. నగరము ఏటేట మూడు అర్ధమినాల వెండి చెల్లింపవలెను. దాస్యవిముక్తులగువారు రెండేసి ద్రహ్మములు దేవునకు ఒప్పగింపవలెను. ప్రతి అమావాస్యానంతర ప్రతిపత్తున ఒక బలి, ఏటికొక యెద్దు. ఈ ధర్మమును తప్పినవాడు దేవతలకు అపరాధి. మన శాసనాంత శాపశ్లోకములకు ఇది ఎంత సన్నిహితము!

ఈ శాసనమున పూజారి సిమియసు ఏమని చెప్పబడినాడు? గ్రీకులో కొందొరాసిసు కుమారుడు. లిసియనులోను అంతే: తండ్రి పేరు, తరువాత 'తిదెయిమి'. క్షత్రపుడు పిక్సోడారుసును అట్లే హెకటొమ్నసు కుమారుడు. క్షత్రపుని మాట పోనిండు, అతడు కారియావాడు. కాని స్థానిక పూజారిని స్థానికభాషలో స్థానికపౌరులే తండ్రి పేరుతో పేర్కొనుటకు గ్రీకు ప్రభావమని సమాధానము చెప్పుట కష్టము. అరమాయికు పాఠము ఈ దేశమును 'తెర్మిల' అనుచున్నది. అనగా ఒక్క రాయే హెరొడోటసు మొదటి మాటను నిలబెట్టి, రెండవ మాటను త్రోసివేయుచున్నది.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. హర్పగుని ముట్టడి తరువాత ఎనుబది కుటుంబములు తప్ప తక్కిన జాంథీయులందరు వలసవచ్చినవారే యని హెరొడోటసు వ్రాసెను గదా. పాత ఆచారము ఆ చితిలోనే దగ్ధమై, శాసనములు కొత్తవారి ఆచారమును మాత్రమే చూపుచున్న వేమో? ఆక్షేపము తీసివేయదగినది కాదు. కాని శాసనములు జాంథసులో మాత్రమే లేవు. తూర్పున లిమిరాలో, మైరాలో, నడుమ అంటిఫెల్లసులో, అంతటను తండ్రి పేరే. పైగా వానిలో కొన్ని హెరొడోటసు జీవించిన శతాబ్దివే. ఆయనయో, ఈ ఆచారము ఒకప్పుడుండెనని చెప్పలేదు; ఉన్నదనియే వర్తమానకాలమున చెప్పెను. పౌరస్త్రీ దాసుని పెండ్లాడినను బిడ్డలు కులీనులేయని ఆయన అదే ప్రకరణమున చెప్పిన మాటను గూర్చి మాత్రము సమాధిశాసనములు అవుననవు, కాదనవు. అందుచే దానిని ఇందులోనికి లాగరాదు.

మరి హెరొడోటసు వినిన దేమి? మా ఊహ యొకటి పాఠకుల ముందుంచుచున్నాము. లెటోను శాసనమున గ్రీకుపాఠము 'లెటో' అన్నచోట లిసియనుపాఠము ఆ పేరు చెప్పక 'ఈ ప్రాంగణపు తల్లి' అనుచున్నది. లిసియనులు ప్రమాణము చేయునపుడును శపించునపుడును తల్లినే పిలిచిరి. 'మేము తల్లి బిడ్డలము' అను భక్తివాక్యము దుబాసీల నోట వంశవాక్యముగా మారియుండ వచ్చును. ఇది ఊహయే, దీనికి శాసనాధారము లేదు.

ఇక మా పాత దృష్టాంతమును సవరించుకొనవలసియున్నది. గౌతమీపుత్ర శాతకర్ణి కుమారుడు వాసిష్ఠీపుత్ర పులుమావి. నాసికు శాసనమున గౌతమీ బలశ్రీ ఒక మహారాజునకు తల్లిగాను, మరియొక మహారాజునకు పితామహిగాను తన్ను చెప్పుకొన్నది. నాగార్జునకొండ ఇక్ష్వాకులలో వాసిష్ఠీపుత్ర చాంతమూలుని కుమారుడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు. పేరు తల్లిది, రాజ్యము తండ్రిది. లిసియాలో గ్రంథము తల్లి యనగా రాళ్లు తండ్రి యనుచున్నవి. మనకడ రాళ్లు తల్లి పేరు చెప్పుచుండగా వంశక్రమము తండ్రినుండి కొడుకునకే పోవుచున్నది. ఈ రెండింటిని ఒకే గాటకట్టి మాతృస్వామ్యమునకు ఉదాహరణములని చెప్పుట మా పొరపాటు. మా విద్యార్థులలో కొందరు తమ వ్యాసములలో ఆ మాటనే వ్రాసియున్నారు. ఆ బాధ్యత మాదే.

లెటోనులో దేవాలయపు పల్లపుభాగములు ఊటనీటిలో మునిగియున్నవి. దాహముతో వచ్చిన లెటోను నీరు త్రాగనీయని పల్లెవాండ్రు కప్పలైరని ఓవిడు కవి చెప్పిన కథ ఈ లిసియాదే. ఆ నీటిలో కప్పలు నేటికిని అరచుచున్నవి. పటరాలో ఇసుక మేటవేసి మూసిన ఓడరేవును, లిసియా నగరసమాఖ్య సభామందిరమును ఒక పూటలో చూచితిమి. వానికి వేరొక వ్యాసము కావలెను. మరునాడు తిరిగివచ్చుచు జాంథసు స్తంభమును మరియొకమారు చూచితిమి. దానిపైని మిలియను భాగము పద్యమని తెలిసినది గాని, దాని అర్థము నేటికిని పూర్తిగా తేలలేదు.