కొండ సైకిలు, వీధి షాపు

మన సభ్యుల్లో చాలామంది ఆఫీసుకు సైకిలు మీద వచ్చినవారే గనుక ఈ సంగతి వ్రాస్తున్నాను. మనుమలు ముచ్చటపడే మౌంటెన్ బైకు పెద్ద కంపెనీలో పుట్టలేదు. కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీ కుర్రవాళ్ళు 1930, 40ల నాటి లావు టైర్ల ష్విన్ సైకిళ్ళను బాగుచేసుకొని కొండ దిగేవారు. 1976 అక్టోబరు 21న పందెమే పెట్టుకున్నారు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు వాటిది. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలు! మళ్ళీ నింపాల్సిందే. అందుకే ఆ దారి పేరు 'రీప్యాక్'. 1981లో స్పెషలైజ్డ్ వారి స్టంప్‌జంపర్ వచ్చాకే తయారీ పెద్దయెత్తున సాగింది.

హబ్బు విప్పి, కిరసనాయిలుతో కడిగి, బాల్సు లెక్కపెట్టి గ్రీజు పెట్టడం మా వీధి షాపతను ముప్పై ఏళ్ళు నా సైకిలుకూ చేశాడు. ఆ షాపు మూతపడింది. సైకిలు మాత్రం ఉంది. ఓవరాలింగు చేసేవారెవరైనా తెలిస్తే మిత్రులు చెప్పగలరు.