విద్యుద్భవనములును వాని యాధారమును

పొయ్యియు పొగగొట్టమును లేని పెద్ద కార్యాలయభవనము సాధ్యమా? దీపము, వేడి, చల్లదనము, లిఫ్టు, సర్వమును విద్యుత్తుచేతనే నడచుచుండగా నొకనాడది నిలిచిపోయినచో గతి యేమి? ఈ సంశయము నేటిది కాదు, విద్యుత్తుతోడనే పుట్టినది.

1882వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కునందలి పెర్లువీధిలో ఎడిసన్ విద్యుత్కేంద్రము పనిచేయ నారంభించెను. ఎనిమిదేండ్లు నిండకమునుపే, 1890 జనవరిలో, అది చాలవరకు అగ్నికి ఆహుతియయ్యెను. ఆ కాలపు గృహస్థులు ఒకే దీపగుచ్ఛమునకు గ్యాసుజ్వాలలను విద్యుద్దీపములను గూడ అమర్చుకొనుచుండిరి. ఒకటి యారినచో రెండవది వెలుగును. ఇది పిరికితనము కాదు, వివేకము.

కొలంబియానదిపై 1938లో బానవిల్, 1941లో గ్రాండ్ కూలీ ఆనకట్టలు విద్యుత్తు నీయసాగిన పిమ్మట, ఆ ప్రాంతముననే పోర్ట్‌లండు నగరమున 1948లో ఈక్విటబుల్ భవనము వెలసెను. దీని శిల్పి పియెత్రో బెలూస్కి. ఉష్ణపంపులతో వేడిని చల్లదనమును సమకూర్చుకొనిన అమెరికా పెద్ద వాణిజ్యభవనములలో ఇది మొదటిది. ఉష్ణపంపు వేడిని పుట్టింపదు. నూతినుండి నీరు తోడినట్లు, ఉన్న వేడిని ఒకచోటినుండి మరియొకచోటికి తోడును. కావుననే తాను వినియోగించు విద్యుత్తునకు మించిన వేడిని ఈయగలదు. భవనము సాధ్యమని నాడే తేలినది. మిగిలిన ప్రశ్న విద్యుజ్జాలమును గూర్చినది.

1965 నవంబరు 9వ తేదీ సాయంకాలము ఆంటారియోలోని ఒక రక్షణసాధనము అకాలమున తీగను త్రెంపగా, సుమారు 3 కోట్లమంది చీకటిలో మునిగిరి. న్యూయార్కు భూగర్భరైళ్లలో లక్షలకొలది జనులు చిక్కుకొనిరి. అయినచో గ్యాసుకొలిమి మనలను కాపాడునా? దాని పంపులును ఫ్యానులును విద్యుత్తుచేతనే తిరుగును గదా! 2021 ఫిబ్రవరిలో టెక్సాసున చలికి గ్యాసుబావులు గడ్డకట్టి విద్యుత్కేంద్రములు ఆగెను. విద్యుత్తు లేక గ్యాసుయంత్రములు ఆగెను. రెండును ఒకదానినొకటి పట్టుకొని పడినవి.

మన దేశమున 2012 జులై 30, 31 తేదీలలో ఉత్తరజాలము కూలి, రెండవనాడు తూర్పు, ఈశాన్యజాలములను గూడ ఈడ్చుకొనిపోయెను. తెలుగుదేశము ఆ చీకటిలో చిక్కలేదు. దక్షిణజాలము తక్కినవానితో ఏకతాళమున కలిసినది 2013 డిసెంబరు 31న మాత్రమే. కలయిక కరవున సాయము తెచ్చును. పాటు కలిగినచో దానిని గూడ పంచును.

కావున వివేకమార్గము పొయ్యిని మరల తెచ్చుట కాదు. తీగలకు బలము, ఉత్పత్తిలో మిగులు, భవనమున నిలువవిద్యుత్తు, వేడిని నిలుపగల గోడలు, ఇవి ముందుగా కావలెను. న్యూయార్కు నగరము 2021లో క్రొత్త భవనములలో ఇంధనదహనమును క్రమముగ మాన్పించు చట్టము చేసినపుడును ఆసుపత్రులకు, ఆపత్కాల విద్యుద్యంత్రములకు మినహాయింపు నిచ్చెను. ఇల్లు కాలుచుండగా నూయి త్రవ్వబూనుట మనకు తగదు. లిఫ్టులో చిక్కిన వృద్ధుడును, శస్త్రచికిత్సలోనున్న రోగియు మన వాదములు ముగియువఱకు వేచియుండజాలరు.