నదిలో చేపకు వాటా

గోదావరి లంకల్లో పెరిగినవాణ్ణి. వరద నీరు ఎర్రబడిందంటే చాలు, పులస ఎప్పుడొస్తుందా అని ఊరంతా ఎదురుచూసేది. సముద్రం నుంచి ఎదురీదుకొచ్చిన ఆ చేప ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుందని మాకందరికీ తెలుసు. అక్కడి కాటన్ ఆనకట్ట లేని రోజుల్లో అది ఎంత దూరం పోయేదో మాత్రం మేమెవ్వరం అడగలేదు. అమెరికాలో కొలరాడో నది ఒడ్డున ఉన్న గ్రాండ్ జంక్షన్‌కు వచ్చి స్థిరపడ్డాకే నాకా ప్రశ్న తట్టింది.

ఈ నదిని పంచుకోవడానికి ఏడు రాష్ట్రాలు 1922లో ఒప్పందం రాసుకున్నాయి. ఎగువకు 75 లక్షల ఎకరా అడుగులు, దిగువకు అంతే. మన లెక్కలో ఒక్కో వాటా సుమారు 327 టీఎంసీలు. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన 800 టీఎంసీలతో పోల్చుకుంటే నీటి లెక్కలో కొలరాడో ఎంత చిన్న నదో అర్థమవుతుంది. ఆ ఒప్పందంలో పొలాలున్నాయి, పట్టణాలున్నాయి. చేప లేదు.

అప్పట్లో ఇక్కడ పైక్‌మిన్నో అనే చేప ఆరడుగులు పెరిగేది. గుడ్లు పెట్టడానికి 300 కిలోమీటర్లకు పైగా ఈదేది. దానితో పాటు వీపు మీద పదునైన గట్టున్న రేజర్‌బ్యాక్ సక్కర్, మూపురమున్న హంప్‌బ్యాక్ చబ్, సన్నని తోకగల బోనీటెయిల్. ఈ నాలుగూ బురదనీటికి, వేసవి మొదట్లో మంచు కరిగి వచ్చే వరదకు అలవాటుపడ్డ జాతులు. ఆ వరదనే ఆనకట్టలు ఆపేశాయి.

అంతకంటే బాధ కలిగించే సంగతి ఒకటుంది. 1962 సెప్టెంబరులో, కొలరాడోలో కలిసే గ్రీన్ నది మీద ఫ్లేమింగ్ గార్జ్ జలాశయం నిండబోయే ముందు, రాష్ట్ర, కేంద్ర మత్స్యశాఖలు కలిసి సుమారు 700 కిలోమీటర్ల మేర నదిలో, ఉపనదుల్లో రోటెనోన్ అనే విషం కలిపాయి. జలాశయంలో గాలం సరదాకు ట్రౌట్ చేపలు పెంచాలి, అందుకు పాత చేపలు అడ్డు. విషం కిందికి పోకుండా విరుగుడు కలిపినా అది పూర్తిగా పనిచేయలేదు. విషం డైనోసార్ జాతీయ స్మారకం దాకా పారింది. చేసినవాళ్లు దుర్మార్గులేం కాదు. పనికిరాని చేప అన్న మాటను అప్పటి చదువు నిజమని నమ్మింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

1973లో అంతరించిపోతున్న జీవుల చట్టం వచ్చింది. నదిలోంచి కొత్తగా నీళ్లు తీస్తే ఈ చేపలకు ముప్పేనని కేంద్ర అధికారులు చెప్పేసరికి ఎగువ రాష్ట్రాలకు తమ వాటా చేజారుతుందన్న భయం పట్టుకుంది. కోర్టుల్లో ఏళ్లకేళ్లు కొట్టుకోవడానికి అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కానీ 1988లో కొలరాడో, యూటా, వయోమింగ్ గవర్నర్లు, కేంద్ర అంతర్గత శాఖ, జలవిద్యుత్తు అమ్మే సంస్థ కలిసి ఒక పునరుద్ధరణ ఒప్పందం మీద సంతకాలు చేశారు. రైతుల సంఘాలు, పర్యావరణవాదులు కూడా అదే బల్ల దగ్గర కూర్చున్నారు. నిర్ణయం ఏదైనా అందరూ ఒప్పుకోవాల్సిందే. నీటి పనులు సాగుతాయి, చేపలూ కోలుకోవాలి. ఖర్చులో ఒక భాగం కరెంటు అమ్మిన డబ్బు నుంచి వచ్చేది.

ఒకప్పుడు విషం పోసిన నదిలోనే ఇప్పుడేం జరుగుతోందో చూడండి. వేసవి మొదట్లో జీవశాస్త్రవేత్తలు రాత్రిళ్లు గ్రీన్ నదిలో దీపపు ఉచ్చులు పెడతారు. అప్పుడే గుడ్డులోంచి బయటపడ్డ రేజర్‌బ్యాక్ పిల్లలు కనబడగానే కబురు పంపుతారు. అప్పుడు ఫ్లేమింగ్ గార్జ్ నుంచి ఎక్కువ నీరు వదులుతారు. ఆ వరద పిల్లల్ని ఒడ్డు పక్కనున్న స్టూవర్ట్ లేక్ లాంటి చిత్తడి చెరువుల్లోకి తోస్తుంది. తూముకు జాలీ కట్టి పెద్ద చేపల్ని బయటే ఆపుతారు. పిల్లలు లోపల మేసి పెరిగి, శరత్కాలంలో నదిలో కలుస్తాయి. ఆనకట్ట తలుపు చేపపిల్ల కోసం ఎదురుచూడటం నేను మరెక్కడా వినలేదు.

అన్నీ గెలిచాయని చెప్పను. హంప్‌బ్యాక్ చబ్ 2021లో అత్యంత ప్రమాదపు జాబితా నుంచి ఒక మెట్టు కిందికి దిగింది. బోనీటెయిల్ మాత్రం హేచరీల మీదే బతుకుతోంది. గ్రీన్ నదిలో పైక్‌మిన్నో సంఖ్య తగ్గుతూ వచ్చింది. బయటినుంచి తెచ్చి వదిలిన స్మాల్‌మౌత్ బాస్, నార్తర్న్ పైక్ దాని పిల్లల్ని మింగేస్తున్నాయి. పడవల మీద తిరుగుతూ వాటిని ఏరి పారేయడం ఏటా తప్పని పని. పైగా కరువు.

మా పక్కనే ప్యాలిసేడ్, పీచ్ పళ్లకు పేరున్న ఊరు. అక్కణ్ణుంచి గన్నిసన్ నది కలిసేదాకా 24 కిలోమీటర్ల పాయ, వేసవి చివర్లో కాలువలు నీరంతా లాక్కోవడంతో ఎండిపోవడానికి వచ్చేది. ఇప్పుడు పై జలాశయాలు నడిపేవాళ్లు, కాలువల వాళ్లు, చేపల అధికారులు వేసవిలో వారం వారం ఫోన్లో కలుసుకుని ఎవరెంత వదలాలో తేల్చుకుంటారు. మా వీధిలో ఒక పీచ్ రైతు ఉన్నాడు. నిరుడు ఆగస్టులో ఇద్దరం వంతెన మీద నిలబడి ఉండగా, తన తోట సంగతి ఎత్తకుండా, ఈ వారం చేపకెంత వదిలారట అని అడిగాడు.